మూగబోయిన వాల్వు రేడియో: బాగుచేయిద్దామా, అమ్మేద్దామా?



ఈ మాటలు మీలో కొందరు సెల్‌ఫోనులో వింటూ ఉంటారు, కొందరు కారులో, కొందరు అరచేతిలో ఇమిడే ట్రాన్సిస్టర్‌లో. వాల్వు రేడియోలో వింటున్నవాళ్లు ఒకరిద్దరున్నా గొప్పే. కానీ వాల్వు రేడియో ఇంట్లో ఉండీ, అది పలకక, దాన్ని ఏంచేయాలో తేల్చుకోలేని కుటుంబాలు మన కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో తక్కువేం కాదు. ఈ పూట నా మాటలు వాళ్లకోసమే. ఆ పెట్టెను బాగుచేయించాలా, అమ్మేయాలా? వినడానికి చిన్న ప్రశ్న. ఇళ్లలో మాత్రం ఇది ఏళ్ల తరబడి నలుగుతుంది.

బేతంచెర్ల సంగతే తీసుకుందాం. పాత మిద్దెలు దించి స్లాబు ఇళ్లు కట్టుకుంటున్న కాలమిది. మిద్దె దించేముందు అటక ఖాళీ చేస్తారు. ఇత్తడి గంగాళాలు, గింజలు కొలిచే పడి, కాలు విరిగిన కుర్చీ, వీటి మధ్య నుంచి దుమ్ముపట్టిన కొయ్యపెట్టె ఒకటి దిగుతుంది. ముందువైపు ఎలుకలు కొరికిన గుడ్డ, దాని కింద ఊళ్ల పేర్లు రాసిన గాజుపలక, ఆ కింద నాలుగు బిరడాలు, లేదా మూడు బిరడాలూ ఒక బొక్కా. జేజినాయన రేడియో! ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. కాసేపటికి పంచాయితీ మొదలవుతుంది.

అలాంటి పంచాయితీకి ఒకసారి నన్ను పిలిచారు. పెద్దకొడుకుది బండల వ్యాపారం. చిన్నకొడుకు బెంగళూరులో ఉద్యోగి. చిన్నవాడు అన్నాడు: "అన్నా, అక్కడ ఇట్లాంటివి కొనేటోళ్లు శానామంది ఉండారు. ఫొటో పంపితే సాలు, వచ్చి ఎత్తుకపోతారు." పెద్దాయన ఒప్పుకోలేదు. "జేజినాయన ఎవురినీ ముట్టనిచ్చినాడా దీన్ని? బాగుచేయించి హాల్లో మూలన పెట్టుకుందాం లేరా." అప్పటిదాకా మంచం మీద కూర్చుని వింటున్న తల్లి ఒక్క మాట అడిగింది: "మూలన పెట్టేదానికి బాగుచేసేదెందుకు నాయనా? పలికితే కదా అది రేడియో!"

సగం జవాబు ఆ తల్లి మాటలోనే ఉంది. మిగతా సగం పెట్టె వెనక అట్ట విప్పితే దొరుకుతుంది. ముందు ఆ అట్ట సంగతి చూద్దాం.

అంతకన్నా ముందు ఒక హెచ్చరిక. ఏళ్లుగా పలకని రేడియోను దించిన వెంటనే అందరూ చేసే పని, "పలుకుతుందేమో చూద్దాం" అని ప్లగ్గు పెట్టడం. దయచేసి ఆ పని చేయకండి. లోపల ఫిల్టర్ కండెన్సర్లు అని ఉంటాయి. కరెంటు తగలక అవి ఏళ్లపాటు ఎండిపోయి ఉంటాయి. ఒక్కసారిగా కరెంటు ఇస్తే షార్టవుతాయి. అవి షార్టయితే రెక్టిఫయర్ వాల్వు పోతుంది, దాని వెంబడి మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. కండెన్సరు ఎక్కడైనా దొరుకుతుంది. ఆ సెట్టుకు సరిపోయే ట్రాన్స్‌ఫార్మర్ అలా దొరకదు. సులువుగా బాగయ్యే సెట్టును ఇనపసామానుగా మార్చేది ఆ ఒక్క నిమిషం తొందరే.

ఇక అట్ట విప్పుదాం. మన ప్రాంతంలో లోపల కనిపించేది మొదట దుమ్ము. బేతంచెర్లలో అది మామూలు దుమ్ము కాదు, రాతిపిండి. నాపబండలు కోసేటప్పుడూ పాలిష్ పట్టేటప్పుడూ నీళ్లతో కలిసి బురదగా పారిన పిండి ఆరాక గాలికి లేస్తుంది, సందుసందునా దూరుతుంది. కాస్త తేమ తగిలితే అట్టకడుతుంది. పొడి కుంచెతో మెల్లగా దులపాలి, తడిగుడ్డ పెట్టకూడదు. వాల్వుల గాజు మీద నంబర్లు సన్నటి తెల్లక్షరాల్లో ఉంటాయి. గుడ్డతో గట్టిగా రుద్దితే దుమ్ముతో పాటు నంబరూ పోతుంది. అందుకని ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఏ గుంటలో ఏ నంబరు వాల్వు ఉందో కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే చెయ్యి పెట్టండి.

కాగితపు కండెన్సర్లు బీడీ పొడుగు గొట్టాల్లా ఉంటాయి, పైన మైనం పూత. 44 డిగ్రీలు దాటే మన ఎండలకు మైనం కరిగి కింద రేకు మీద చుక్కలు చుక్కలుగా పడి ఉంటుంది. అది చూసి బెదిరిపోనక్కర్లేదు. ఆ కండెన్సర్లు ఎలాగూ మార్చాల్సినవే. బెదరాల్సినవి వేరే ఉన్నాయి. పెట్టె అడుగుకొయ్యను గోటితో నొక్కి చూడండి. మెత్తగా లోపలికి దిగితే చెద తిన్నట్టు. వైర్ల మీది రబ్బరు తొడుగు ముట్టుకోగానే పెళుసుగా రాలిపోతోందా చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మాడు వాసన వస్తోందేమో ముక్కు పెట్టి చూడండి. ఈ మూడింటి మీదే సగం నిర్ణయం ఉంటుంది.

తర్వాత తెలుసుకోవాల్సింది, అది ఏ రకం సెట్టు అన్నది. ఇందులో మన ప్రాంతం చరిత్ర కూడా కొంత ఉంది. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938లో మొదలైంది. విజయవాడ 1948లో వచ్చింది. నిజాం కాలపు డక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి హైదరాబాదు అయింది. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిననాటికి సీమలో సొంత రేడియో కేంద్రం లేదు. కడప కేంద్రం వచ్చింది 1963లో. అంటే అంతకుముందు బేతంచెర్లలో రేడియో కొన్నవాళ్లు వందల కిలోమీటర్ల అవతలి కేంద్రాలను పట్టుకోవాల్సి వచ్చేది. అందుకే మిద్దె మీద రెండు గుంజలు పాతి, నడుమ రాగిజాలీ ఏరియల్ కట్టి, ఇంటి పక్కన గుంత తీసి ఎర్త్ వేసేవాళ్లు. దూరం పట్టే పెద్ద సెట్లనే కొనేవాళ్లు. చీకటిపడ్డాక కొలంబో వినపడేది. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వేస్తే పక్కిళ్లవాళ్లు కూడా వచ్చి వసారాలో కూర్చునేవాళ్లు.

ఆనాటి సెట్లు మూడు రకాలు. కరెంటు రాని పల్లెల్లో బ్యాటరీ సెట్లు ఉండేవి. 90 వోల్టుల పెద్ద డ్రై బ్యాటరీతో నడిచేవి. వాటి వాల్వుల నంబర్లు 'డి' అక్షరంతో మొదలవుతాయి, డీకే 96, డీఎల్ 96 లాంటివి. ఆ బ్యాటరీ ఇప్పుడు అంగట్లో దొరకదు. ఆ వోల్టేజీ ఇచ్చే సర్క్యూట్ విడిగా తయారుచేయించుకోవాలి. రెండోది ఏసీ-డీసీ సెట్లు. వాల్వుల నంబర్లు 'యు'తో మొదలవుతాయి. వీటిలో మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. మెయిన్స్ వైరు ఒకటి నేరుగా ఇనపచట్రానికి కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే చట్రమంతా కరెంటే. బిరడా ఊడిన చోట ఇనపకడ్డీ ముట్టుకున్నా షాక్ కొడుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఈ రకం సెట్టును వాడుకలో పెట్టాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. మూడోది ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఏసీ సెట్టు. వాల్వులు 'ఇ'తో మొదలవుతాయి, ఈసీహెచ్ 81, ఈబీఎఫ్ 89, ఈఎల్ 84 మాదిరి. బాగుచేసి రోజూ వాడుకోవడానికి అన్నిటికన్నా అనువైనది ఇదే. పెద్ద సెట్లలో స్టేషను సరిగ్గా పట్టుకుంటే పచ్చగా దగ్గరకు ముడుచుకునే కన్ను కూడా ఉంటుంది.

"వాల్వులు ఇప్పుడెక్కడ దొరుకుతాయి సార్?" అని అందరూ అడుగుతారు. నిజానికి వాల్వుల గురించి పడే బెంగ అవసరమైన దానికన్నా ఎక్కువ. ఆ రోజుల్లో ఈ వాల్వులు లక్షల్లో తయారయ్యాయి. మన దేశంలోనే బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు 1960లలో రేడియో వాల్వులు చేశారు. పాత నిల్వలు బెంగళూరు ఎస్పీ రోడ్డులో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో, హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో వెతికితే దొరికే అవకాశం ఉంది. పైగా వాల్వులు మనం అనుకున్నంత తొందరగా పోవు. మూగబోయిన సెట్లలో చాలాసార్లు వాల్వులన్నీ బాగానే ఉంటాయి, కండెన్సర్లే పోయి ఉంటాయి.

దొరకనివి వేరే ఉన్నాయి. డయల్ గాజు పగిలితే ఆ మోడల్‌దే ఇంకో గాజు దొరకడం గగనం. అసలు బిరడాలు పోతే అంతే. వెనక అట్ట, కంపెనీ పేరు బిళ్ల కూడా అంతే. లోపల అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ తెగితే చుట్టించాలి. బోర్ మోటార్లు చుట్టేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు కదా అనుకుంటారు. మోటారు తీగ వేరు, ఇది వెంట్రుకంత సన్నటి తీగ, వేల చుట్లు. అందరి చేతా అయ్యే పని కాదు. అందుకని సెట్టును అంచనా కట్టేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోండి. కొయ్య, గాజు, బిరడాలు, ట్రాన్స్‌ఫార్మర్లు బాగుంటే, లోపల సర్క్యూట్ ఎంత చచ్చినట్టున్నా అది బతికే సెట్టే. సర్క్యూట్ బాగుండి గాజు ముక్కలై, పెట్టె చెదపట్టి ఉంటే, దాని మీద పెద్ద ఖర్చు పెట్టడం దండగ. దాని భాగాలు ఇంకో సెట్టును బతికించడానికి పనికొస్తాయి.

సరే, బాగయ్యే సెట్టే అనుకుందాం. బాగయ్యాక అందులో ఏం వింటారు? ఈ సంగతి చాలామందికి తట్టనే తట్టదు. మన దేశంలో అమ్ముడైన పాత వాల్వు సెట్లలో ఎక్కువవాటికి మీడియం వేవు, షార్ట్ వేవు మాత్రమే ఉంటాయి. ఎఫ్ఎం రాదు. ఎఫ్ఎం పాటలు వినాలనుకుని బాగుచేయిస్తే నిరాశే మిగులుతుంది. షార్ట్ వేవులో వెనకటి సందడి ఇప్పుడు లేదు. ఇక మిగిలింది మీడియం వేవు. పాత శ్రోతలకు మీటర్ల లెక్క నోటికి వచ్చి ఉంటుంది: కడప 333.3 మీటర్లు, అంటే 900 కిలోహెర్ట్జ్, విజయవాడ 358.4 మీటర్లు, అంటే 837, హైదరాబాదు 406.5, అంటే 738. కడప నుంచి బేతంచెర్లకు గాలిదారిన చూసినా వంద కిలోమీటర్ల పైమాటే. పగలు మీడియం వేవు తరంగాలు నేలను అంటిపెట్టుకుని వస్తాయి, దూరం పోయేకొద్దీ బలం తగ్గుతుంది. రాత్రిపూట పైనున్న అయనావరణం వాటిని అద్దంలా తిప్పి పంపుతుంది. అందుకే పగలు వినపడని దూరపు కేంద్రం రాత్రి గణగణమంటుంది.

దీనికి చౌకైన పరీక్ష ఒకటి ఉంది. మీడియం వేవు ఉన్న చిన్న ట్రాన్సిస్టర్ ఒకటి ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. పెద్ద రేడియోను ఎక్కడ పెట్టాలనుకుంటున్నారో అక్కడే దాన్ని పెట్టి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తిప్పి చూడండి. కావలసిన కేంద్రం వస్తోందా? మాట వినపడుతోందా, బుర్రుమనే చప్పుడే వినపడుతోందా? ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, ఫోన్ చార్జర్లు, పక్కన నడిచే పాలిషింగ్ మోటార్లు, ఇవన్నీ మీడియం వేవులో గోల పెడతాయి. నేను చెప్పిన ఇంట్లో అదే జరిగింది. పగలంతా చప్పుడే. రాత్రి మిషన్లు ఆగాక మాట తేటపడింది. మిద్దె మీద తీగ కట్టి ఎర్త్ ఇస్తే ఇంకాస్త మెరుగైంది. ఈ పరీక్షకు ఖర్చేమీ లేదు. కానీ వేలు ఖర్చుపెట్టి బాగుచేయించాక పడే నిరాశ నుంచి ఇది కాపాడుతుంది.

ఇక బాగుచేసే మనిషి. ఒకప్పుడు డోన్‌లో, నంద్యాలలో, కర్నూల్లో రేడియో మెకానిక్ అంటే వీధిలో ఒక గౌరవం. ఇప్పుడు వాల్వు సెట్టు విప్పగలిగినవాళ్లు చాలావరకు వయసు మళ్లినవాళ్లే. కొందరు టీవీల రిపేరుకు మారారు, కొందరు దుకాణం మూసుకున్నారు. దొరికిన మెకానిక్ అసలు పనివాడా కాదా తెలుసుకోవడానికి ఒక గుర్తు చెప్తాను. సెట్టును నేరుగా ప్లగ్గులో పెట్టేవాడైతే పెట్టె మూసుకుని ఇంటికి తెచ్చుకోండి. పనివాడు మొదట ఒక 60 లేదా 100 వాట్ల పాతకాలపు బల్బును సీరీస్‌లో కలిపి కరెంటు ఇస్తాడు. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు. బల్బు పూర్తిగా భగ్గున వెలిగి అలాగే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు. ఒక్కసారి వెలిగి మెల్లగా మసకబారితే ముందుకు పోవచ్చు. ఇంకో గుర్తు, అవుట్‌పుట్ వాల్వుకు ముందుండే కప్లింగ్ కండెన్సరును అడక్కుండానే మార్చేవాడు పని తెలిసినవాడు. ఆ ఒక్క కండెన్సరు లీకైతే వాల్వు గ్రిడ్డుకు పోకూడని వోల్టేజీ పోయి, వాల్వు ఎర్రగా కాగి చచ్చిపోతుంది. సెట్టు పలుకుతోంది కదా అని దాన్ని అలాగే వదిలేసేవాళ్లే ఎక్కువ. పాత సెట్ల వెనక వోల్టేజీ మార్చుకునే బిళ్ల ఉంటుంది. ఇప్పటి 230, 240 వోల్టులకు దాన్ని అన్నిటికన్నా పై గుర్తు మీద పెట్టించండి.

మీరే చేసుకుందామనుకునే కుర్రవాళ్లకు ఒక మాట. ప్లగ్గు తీసేశాక కూడా ఫిల్టర్ కండెన్సర్లలో 250 వోల్టుల దాకా డీసీ నిలిచి ఉండవచ్చు. పాఠం చూసి నేర్చుకునే పని కాదిది. ఒక పెద్ద మెకానిక్ పక్కన కూర్చుని, ఆయన ఒక చెయ్యి జేబులో పెట్టుకుని ఇంకో చేత్తో మీటరు ఎలా పట్టుకుంటాడో చూసి నేర్చుకోండి.

ఖర్చు విషయంలో ఒక సంగతి తేటగా చెప్పాలి. కండెన్సర్లు, రెసిస్టెన్సులు, డయల్ దారం, వీటి వెల కొద్దిపాటిదే. అసలు ఖర్చు మనిషి కాలానిది. గంటల కొద్దీ కూర్చుని చేయాల్సిన పని. దానికి న్యాయమైన కూలి ఇవ్వాలి. "ఈ పాతదానికి ఇంతనా?" అని బేరమాడితే, ఆ మెకానిక్ ఇక ఆ పెట్టెను ముట్టడు. అలాగే, బాగుచేయించి అమ్మితే లాభం వస్తుందని ఆశపడొద్దు. రేడియోలు సేకరించేవాళ్లలో తెలిసినవాళ్లు ఎవరూ ముట్టని సెట్టునే ఇష్టపడతారు. అసలు భాగాలు ఉన్నాయని వాళ్లకు నమ్మకం. బాగు తామే చేసుకుంటారు. అందుకని అమ్మదలచుకుంటే ఉన్నది ఉన్నట్టే అమ్మండి. బాగుచేయించేది వాడుకోవడానికే.

ఇప్పుడు అమ్మకం సంగతి. పలకని వాల్వు రేడియోకు మూడు ధరలు ఉంటాయి. వీధిలో పాత ఇనుము బండివాడు తూకం లెక్కన చెప్పేది మొదటి ధర. అది రేడియో ధర కాదు, అందులోని ఇనుము, రాగి ధర. హోటళ్లకు, హాలు అలంకరణకు కొనేవాడు చెప్పేది రెండోది. వాడికి పెట్టె కావాలి, లోపల ఏమున్నా పట్టింపు లేదు. చాలాచోట్ల లోపలి చట్రం పీకేసి బ్లూటూత్ స్పీకర్ పెట్టి అమ్ముతున్నారు. మూడోది రేడియో కోసం రేడియోను కొనేవాడి ధర. ఈ మూడోవాడు దొరికేదాకా ఓపిక పట్టండి. కొన్నాక దాన్ని ఏం చేస్తావని అడగండి. బ్లూటూత్ పెడతానంటే అమ్మాలో వద్దో మీ ఇష్టం. కాని తెలిసి అమ్మండి.

ఫొటోలు తీసి పంపేటప్పుడు ముందువైపు, డయల్, వెనక అట్ట మీద మోడల్ నంబరు, లోపలి చట్రం, నాలుగూ కనిపించాలి. "పలుకుతుందో లేదో చూడలేదు" అని ఉన్నమాట చెప్పండి. వార్నిష్ మీద ఇసుక కాగితం పెట్టొద్దు. మెరుగు పెడుతున్నామనుకుని సగం విలువ గీకేస్తారు. "ఇది యాంటిక్, దీనికి రిజిస్ట్రేషన్ కావాలి, నాకిస్తే నేను చూసుకుంటా" అని భయపెట్టేవాళ్లూ ఉంటారు. 1972 నాటి పురావస్తు చట్టం వర్తించేది సాధారణంగా నూరేళ్లు దాటిన వస్తువులకు. 1950లు, 60ల రేడియోకు ఆ బెడద లేదు.

రేడియోతో పాటు పాత కాగితాలు ఏమైనా ఉంటే పారేయకండి. ముఖ్యంగా లైసెన్సు పుస్తకం. ఇప్పటి పిల్లలకు నమ్మశక్యం కాదు, రేడియో ఇంట్లో పెట్టుకోవాలంటే లైసెన్సు కావాల్సిన కాలం ఒకటుండేది. 1933 నాటి వైర్‌లెస్ చట్టం కింద అది తప్పనిసరి. ఏటా పోస్టాఫీసుకు పోయి డబ్బు కట్టి పుస్తకంలో బిళ్ల అంటించుకోవాలి. 1970లలో ఏడాదికి 15 రూపాయలు. 1984లో ఆ పద్ధతి ఎత్తేశారు. ఆ పుస్తకంలో మీ జేజినాయన పేరు, ఊరు, సెట్టు కంపెనీ, మోడల్, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా విన్నారో, అన్నీ ఉంటాయి. ఆ పుస్తకం తోడుంటే కొనేవాడికి సెట్టు మీద నమ్మకం పెరుగుతుంది. అమ్మినా, పుస్తకాన్ని ఫొటో తీసి ఇంట్లో ఉంచుకోండి.

రైలులోనో లారీలోనో పంపాల్సి వస్తే వాల్వులు గుంటల నుంచి నిటారుగా లాగి, విడివిడిగా గుడ్డల్లో చుట్టి, పైన నంబరు రాసి, వేరే డబ్బాలో పెట్టండి. స్పీకర్ కాగితం మీద ఏదీ ఒత్తుకోకుండా చూడండి.

ఇంతకీ ఆ బేతంచెర్ల ఇంట్లో ఏం తేలిందంటారా? వాళ్లది ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఏసీ సెట్టు. గాజు చెక్కుచెదరలేదు, చెద పట్టలేదు, ఒక బిరడా మాత్రం లేదు. ట్రాన్సిస్టర్ పరీక్షలో రాత్రిపూట కేంద్రాలు వచ్చాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ తల్లి రోజూ రాత్రి రేడియో వినే మనిషి. బాగుచేయించారు. బిరడా మాత్రం వేరేది, చూడగానే తెలిసిపోతుంది. ఆమెకు దాంతో పేచీ లేదు. అదే మండలంలో ఇంకో ఇంట్లో ఉన్నది బ్యాటరీ సెట్టు. పిల్లలు ముగ్గురూ మూడు ఊళ్లలో, ఇల్లు తాళం. వాళ్లకు అమ్మేయమనే చెప్పాను. వాల్వులు, వెనక అట్ట, లైసెన్సు పుస్తకం, అన్నీ కలిపి ఒకే మనిషికి ఇచ్చారు. రెండూ మంచి నిర్ణయాలే.

నా తీర్పు ఇది. రేడియో బిరడా రోజూ తిప్పే మనిషి ఇంట్లో ఉండి, కొయ్యా గాజూ ట్రాన్స్‌ఫార్మర్లూ బాగుండి, మీడియం వేవు వినపడే చోటైతే, ఖర్చు చూసుకోకుండా బాగుచేయించండి. ఈ మూడింటిలో తిప్పే మనిషి లేకపోతే మిగతా రెండూ ఉన్నా అమ్మేయండి. భాగాలు తీయకుండా, రేడియోగా వాడేవాడికే అమ్మండి. అమ్మడానికి మనసొప్పకపోతే దగ్గర్లోని పాలిటెక్నిక్‌కో, ఐటీఐకో ఇవ్వండి. రేడియో ఎలా పనిచేస్తుందో పిల్లలకు కళ్లకు కట్టినట్టు చూపించడానికి వాల్వు సెట్టును మించింది లేదు. లోపల ప్రతి భాగం కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది.

ఏదీ తేల్చకుండా మళ్లీ అటక ఎక్కించడం మాత్రం వద్దు. అటక మీద చెద ఆగదు, ఎలుక ఆగదు, ఎండకు మైనం కరగడం ఆగదు. బాగుచేయగల పెద్దవాళ్లు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. ఈ రోజు బాగయ్యే సెట్టు పదేళ్ల తర్వాత బాగుకాకపోవచ్చు. ఈ రోజు అమ్ముడయ్యేది రేపు తూకానికే పోవచ్చు. కాబట్టి మీ ఇంట్లో అలాంటి పెట్టె ఉంటే ఈ వేసవి రాకముందే దించండి, వెనక అట్ట విప్పి చూడండి, ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఏదో ఒకటి తేల్చేయండి. మీ ఊళ్లో వాల్వు సెట్లు తెలిసిన మెకానిక్ ఇంకా ఉంటే, పని ఉన్నా లేకపోయినా ఒక కుర్రవాణ్ణి ఆయన దగ్గరికి పంపండి.